గిన్నె కింది పుట్టగొడుగు

నాచారంలో మా పాత ఇల్లు కూలగొట్టే ముందు, ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుపొమ్మని మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేను పీర్జాదిగూడ నుంచి ఆటోలో వెళ్లేసరికి, కావలసినవాళ్లు కావలసినవన్నీ తీసుకుపోయారు. ఇత్తడి బిందెలు లేవు, టేకు మంచం లేదు, గోడగడియారం ఉన్నచోట గుండ్రటి తెల్ల మచ్చ మిగిలింది. దాన్ని ఎవరూ తీసుకుపోలేకపోయారు. సజ్జ మీద గోనెసంచి వెనక మాత్రం ఒక గాజు గిన్నె దొరికింది. ఎప్పుడో క్రిస్మస్‌కు చర్చిలో బహుమతిగా వచ్చిన గిన్నె, అంచున ఒకచోట పెచ్చు ఊడింది. "గిదేం జేస్కుంటవక్కా?" అన్నాడు తమ్ముడు. "పుట్టగొడుగు మీద బోర్లించిన గిన్నె గదరా" అన్నాను. వాడు పక్కనున్న బిల్డర్ మనిషి వైపు తిరిగి, మా అక్క కాలేజీలో బాటనీ చెప్పేదని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ మనిషి అంతా అర్థమైనట్టు తల ఊపాడు. గిన్నెను చున్నీలో చుట్టుకుని అదే ఆటోలో తిరిగి వచ్చాను. దారి పొడుగునా ఆ ఇంటి వాసనలే గుర్తొచ్చాయి.

ఆ ఇంట్లో మేము ఐదుగురం. నాయిన, అమ్మ, నాయిన తల్లి అయిన అవ్వ, నేను, తమ్ముడు. జనగామ దగ్గరి ఊళ్లో కూలికి పోయే కుటుంబం మాది. నాయినకు ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని దొరికాక నాచారం చేరాం. ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవారు కాదు. ఫ్యాక్టరీ సైరన్‌కే అన్నం, సైరన్‌కే నిద్ర. గాలి ఉప్పల్ వైపు నుంచి వీస్తే మట్టి వాసన, ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే మందు వాసన. ఏ వాసనా రాని రోజున అమ్మ అనుమానంగా వాకిట్లోకి వెళ్లి, ఎక్కడైనా సమ్మె జరుగుతోందా అని పక్కింటివాళ్లను అడిగేది. నాయిన తక్కువ మాట్లాడే మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, ప్రార్థన చేసుకుని అన్నం తినేవాడు. ఆ ప్రార్థన కూడా చాలా చిన్నది. దేవుడికి తెలియని సంగతి మనమేం చెబుతామని ఆయన ఉద్దేశం కాబోలు.

అవ్వకు మాత్రం మాటకూ లోటు లేదు, పసుపుకూ లోటు లేదు. తెగిన వేలికి పసుపు, దగ్గుకు పాలలో పసుపు, కొత్త కుండకు పసుపు, బియ్యం డబ్బాలో వేపాకుతోపాటు పసుపు కొమ్ము, వీటన్నిటికీ ముందు గడపకు పసుపు. మేము క్రైస్తవులం. గడపకు పసుపేమిటమ్మా అని పాస్టరు గారు ఒకసారి మెత్తగా మందలించారు. "సీమలొస్తున్నయి అయ్యా, గందుకు" అంది అవ్వ. చీమలకు మతం అంటగట్టడం ఎలాగో ఆయనకు తోచలేదు. ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో పసుపు పడిన ప్రతిచోటా చీమలు ఉన్నట్టే లెక్క. అమ్మ కొంగు, తమ్ముడి బనియన్లు, నా పుస్తకాల అంచులు, అన్నీ ఒకే రంగు. ఊరంతా ముక్కు మూసుకునే మందు వాసన మాకు తెలిసేది గాని, ఇంట్లోని పసుపు వాసన మాకు వాసనగా తెలిసేదే కాదు.

వానాకాలం మొదట్లో కీసర వైపు నుంచి ఆడవాళ్లు మోదుగాకుల్లో పుట్టగొడుగులు పెట్టుకుని వచ్చి ఉప్పల్‌లో రోడ్డు పక్కన కూర్చునేవారు. అమ్మ బేరమాడేది, అవ్వ వాసన చూసేది, ఇంటికి తెచ్చాక పసుపు నీళ్లలో కడిగేవారు. అవ్వ లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు. తినేవి పుట్టగొడుగులు, తిననివి కుక్కగొడుగులు. నేను ఎమ్మెస్సీ బాటనీలో చేరి, అవ్వా, ఇంకా వేల రకాలున్నాయట అని చెబితే, "అండ్ల తినేటియి ఎన్ని?" అంది. నాకు తెలియదన్నాను. "మరేం సదువుతున్నవే?" అని బియ్యం ఏరుకోవడంలో పడిపోయింది.

నాకు ఈ పుట్టగొడుగుల పిచ్చి అంటించింది యూనివర్సిటీలో మా ప్రొఫెసర్ శేషగిరి సార్. గోదావరి వైపు మనిషి. ప్రతి పుట్టగొడుగునూ తుంచి, నాలుక చివర పెట్టుకుని, రుచి చూసి ఉమ్మేసేవారు. బాగా పరిచయమైనదైతే మరికాస్త ఆలస్యంగా ఉమ్మేవారు. ఆయనకు నస్యం అలవాటు. ఎన్నో ఏళ్ల నస్యంతో ముక్కు పనిచేయడం ఎప్పుడో మానేసింది. అందుకే ఆయన రాసిన వర్ణనలు ఏవి తీసి చూసినా, వాసన అన్నచోట "ప్రత్యేకంగా ఏమీ లేదు" అని ఉంటుంది. మామూలు పుట్టగొడుగును తిరగేస్తే గొడుగు కింద సన్నటి రేకులు కనిపిస్తాయి. బొలీట్లు అనే జాతికి రేకులుండవు, రొట్టెకు ఉన్నట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఆ బొలీట్లలో జైరోపోరస్ అని ఒక ప్రజాతి ఉంది. కొండల మీది అడవుల్లో తప్ప మా బండరాళ్ల నేలలో అది దొరికిందని సార్ ఎక్కడా చదవలేదు. దొరకాలని మాత్రం జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి కోరుకుంటున్నారు. దానికి ముఖ్యమైన గుర్తులు రెండు. కాడ లోపల డొల్లగా ఉంటుంది. పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివైన సిద్ధబీజాలు లేత పసుపు రంగులో రాలుతాయి. తక్కిన బొలీట్లలో ఎక్కువ వాటివి గోధుమ రంగువి. ఈ ముక్క ఆయన క్లాసులో ఎన్నిసార్లు చెప్పారంటే, నిద్రలో లేపి అడిగినా మా బ్యాచంతా చెప్పేది.

ఎమ్మెస్సీ పరీక్షలు అయిపోయిన ఆ వేసవి చివర మా ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం ఒకటే ఉండేది, దాన్ని ఎవరూ మాట్లాడేవారు కాదు. నాయిన పనిచేసే ఫ్యాక్టరీ ల్యాబులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. మేనేజరు నాయినను పిలిచి, నీ బిడ్డ చదువుకున్నది గదా, పంపుతావా అని అడిగాడు. "మంగళారం దాక జెప్పమన్నడు" అని నాయిన అన్నం ముందు కూర్చుని చెప్పాడు, అంతే. ఇంట్లో ఒక్క జీతం. తమ్ముడికి ఇంటర్ ఫీజు కట్టాలి. నాకు రీసెర్చ్ చేయాలని ఉంది. ఆ సంగతి నాయినకు తెలుసు, కానీ నోరు తెరిచి నాకు ఉద్యోగం వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. సార్ దగ్గర స్కాలర్‌షిప్ ఉన్న సీటు ఒక్కటే. మంచి అంశం దొరికితే నీకే అని ఆయన అన్నారు. దొరక్కపోతే తర్వాత చూద్దాం అని కూడా అన్నారు. తర్వాత చూద్దాం అంటే ఏమిటో తెలియనివాళ్లు తెలుగునాట లేరు.

శనివారం సాయంత్రం వాన వెలిశాక, చిల్కానగర్ వైపు ఖాళీ ప్లాట్లలో ఒక కానుగ చెట్టు కింద అది కనిపించింది. గోధుమ రంగు గొడుగు, నా అరచేయంత. తిరగేస్తే రేకులు లేవు, రంధ్రాలు. కాడ విరిచి చూశాను, డొల్ల. దాన్ని చున్నీలో పెట్టుకుని, నడిచానో పరిగెత్తానో, హబ్సిగూడలో సార్ ఇంటి ముందు తేలాను. సార్ గేటు దగ్గరికే వచ్చారు. వాళ్ల ఆవిడ పుట్టగొడుగును గడప దాటనివ్వదు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, రుచి చూసి, గేటు బయట ఉమ్మి, కాడను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు.

"కాడ డొల్లగానే ఉంది. కానీ చూడు, పురుగు తొలిచిన దారులు కూడా ఉన్నాయి. పురుగు తిన్నా డొల్లే, పుట్టుకతో డొల్లయినా డొల్లే. దీంతో తేలదమ్మా" అన్నారు. "ఇవాళే ఇంటికి తీసుకెళ్లి తెల్లకాగితం మీద పెట్టి, గాలి తగలకుండా గిన్నె బోర్లించు. సోమవారం దాకా కదపకు. పసుపు రంగు రాలిందా, నీ సీటు నీదే. మర్నాడే రిజిస్ట్రేషన్ రాయించేస్తాను."

"గోధుమ రంగు వస్తే సార్?"

"తర్వాత చూద్దాం" అన్నారు సార్.

ఇంట్లో పదిలమైన చోటు వంటింటి అలమర ఒక్కటే. కాడ కోసేసి, గొడుగును రంధ్రాలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, గాజు గిన్నె బోర్లించాను. ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. అమ్మ, ఆ కుక్కగొడుగు పక్కన ఉప్పు డబ్బా ఉండకూడదని డబ్బాను వేరే చోట పెట్టింది. ఆదివారం అందరం చర్చికి వెళ్లాం. అవ్వ మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. పాస్టరు గారు ఆ రోజు సహనం గురించి చెప్పారు. నేను మోకరించి, దేవుడా, పసుపు రంగు రానీ అని ప్రార్థించాను. మనుషులు ఆయన్ను ఎన్నో అడిగి ఉంటారు గాని, ఇది కొత్తది అయి ఉంటుంది.

సోమవారం పొద్దున ఇంటిల్లిపాదీ అలమర చుట్టూ చేరారు. గిన్నె తీసి, గొడుగును మెల్లగా పైకెత్తాను. కాగితం మీద గుండ్రంగా, చక్కగా, పసుపు. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు. తమ్ముడు ఎగిరాడు. అమ్మ స్తోత్రం, స్తోత్రం అంది. అవ్వ కూడా తొంగి చూసి, "ఒక్క సీమ గూడ లేదు సూడు" అని తృప్తిగా అంది. ఆ మాట సందర్భానికి అతకలేదని నాకు తోచింది గాని, పెద్దవాళ్లు అలా అంటూనే ఉంటారు. నాయిన కాగితం వైపు, నా వైపు చూసి, "మంచిది" అన్నాడు. సద్ది గిన్నె సైకిలుకు తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇక ఉద్యోగం వద్దని మేనేజరుకు చెప్పేస్తాడని నేను అనుకున్నాను.

సార్ కాగితం చూసి కుర్చీలో కూర్చున్నారు. నస్యం డబ్బా తీసి, పీల్చకుండానే మూత పెట్టేశారు. ఆయన ఆ డబ్బా అలా మూసేయడం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఎప్పుడూ చూడలేదట. మైక్రోస్కోపులున్న బీరువా తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంది, స్టోర్‌కీపర్ మేనల్లుడి పెళ్లికి వెళ్లాడు. రేపు చూద్దాంలే, రంగు కళ్ల ముందే ఉండగా తొందరేమిటి అన్నారు సార్. ఆ రోజంతా ఆయన గదికి మనుషులు వస్తూనే ఉన్నారు. జువాలజీవాళ్లు కూడా వచ్చి చూసి, అభినందించి, మిఠాయి తిని వెళ్లారు. సార్ వర్ణన రాయడం మొదలుపెట్టారు. గొడుగు, రంధ్రాలు, కాడ, సిద్ధబీజాల రంగు. వాసన అన్నచోట ఎప్పటి మాటే రాశారు.

మంగళవారం తాళంచెవి వచ్చింది. కాగితం మీది పొడిని సూదిమొనతో గాజుపలక మీదికి తీసి, సార్ దాని మీద క్షారం చుక్క వేశారు. బొలీట్ల సిద్ధబీజాలను అలాగే చూస్తారు. చుక్క పడగానే పొడి ఎర్రబడింది. దిష్టి నీళ్లంత ఎరుపు. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో తెలియడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. సార్ సూదిని బల్ల మీద పెట్టారు.

"రూత్, మీ ఇంట్లో పసుపు వాడతారా?"

"అందరి ఇళ్లల్ల వాడుతరు సార్."

"అవును" అన్నారు సార్. తర్వాత మైక్రోస్కోపులో కన్ను పెట్టి, పసుపు ఉండల మధ్య వెతికి వెతికి, పొట్టిగా, గుండ్రంగా ఉన్న సిద్ధబీజాలను పట్టుకున్నారు. గోధుమ రంగువి. "జైరోపోరస్ కాదు" అన్నారు. "మరేమిటో నాకు తెలియదు." నస్యం డబ్బా మూత తీసి ఈసారి పీల్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి పోయి అవ్వను అడిగాను. దాచాలన్న ఆలోచన కూడా ఆమెకు లేదు. "సీమలు పట్టినయి బిడ్డా, పట్టనియ్యాల్నా? లేపి, కాయిదం మీద ఇంత పసుపు, దాని కింద ఇంత రాసి, ఎట్లున్నదాన్ని అట్లనే వెట్టిన. సుట్టూత పడ్డది గూడ తుడిసిన, నీ కాయిదం ఖరాబైతదని" అంది. నాకు కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆమె కళ్లు సరిగ్గా కనపడవు. ఆ కళ్లతోనే నా గిన్నె లోపలి చీమలను చూసింది.

ఇప్పుడైతే ఈ గోల ఏమీ ఉండదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లాన్‌లో మొలిచిన పుట్టగొడుగు ఫొటో పెడతారు. ఇంకెవరో యాప్‌లో చూసి క్షణంలో పేరు చెబుతారు, ఇంకో క్షణంలో ఇంకొకరు వేరే యాప్‌లో చూసి వేరే పేరు చెబుతారు. సిద్ధబీజాలు రాలేదాకా ఎవరూ ఆగరు. ఇప్పటి విద్యార్థులు ఒక ముక్క తుంచి డీఎన్ఏ పరీక్షకు పంపి, సినిమాకు వెళ్లిపోతారు. మంచిదే, చీమలు పట్టినా డీఎన్ఏ మారదు. పిల్లలను ఏం చదువుతావు, ఏమవుతావు అని ఇప్పటి తల్లిదండ్రులు పూటకోసారి అడుగుతుంటారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి వాళ్లకు ఏమీ తెలియదని మేము అనుకునేవాళ్లం. కానుగ చెట్టు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు పార్కింగ్ ఉంది. నేలంతా టైల్స్, వానలు ఎంత పడ్డా అక్కడ ఏమీ మొలవదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను ఇంట్లో కూర్చోలేక ఫ్యాక్టరీకి నడిచాను. దారంతా లెక్క కట్టుకున్నాను. నాయిన నిన్ననే ఉద్యోగం వద్దని చెప్పేసి ఉంటే, ఈ రోజు మళ్లీ వెళ్లి, పొరపాటు జరిగింది సారూ, ఇయ్యండి అని బతిమాలుకోవాలి. ఆయన ఎవరినీ ఏదీ అడగని మనిషి. నా వల్ల ఆ పని చేయాలి. గేటు ఎదురుగా టీ బండి దగ్గర నాయిన నిలబడి ఉన్నాడు. చొక్కా చేతుల మీద బాయిలర్ మసి.

"నాయినా, అది అది గాదంట" అన్నాను. "పసుపు అవ్వ ఏసిందంట. సీటు రాదు నాకు. మీ మేనేజర్‌కు ఇయ్యాల్లనే ఆఖరు గద? నేనొస్తనని చెప్పు."

నాయిన టీ ఊదుకుంటూ, "ఎప్పుడో చెప్పిన" అన్నాడు.

"ఏమని?"

"రాదని. శనారం పొద్దుగాల డ్యూటీల చేరంగనే చెప్పిన."

శనివారం పొద్దుటికి ఆ పుట్టగొడుగు నాకింకా కనిపించనేలేదు. వాన కూడా పడలేదు.

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వడిగినవా? ఇంట్ల ఎవ్వర్ని జూసినా గా గిన్నె దిక్కే సూస్తున్రి."

"సీటు రాకపోతే ఎట్ల మరి? పైసల్?"

"ఓటీ ఉన్నది, ఇంకో షిఫ్టు జేస్త" అన్నాడు. "నువ్వు ఫికర్ వెట్టుకోకు. కుక్కగొడుగు రంగు జూసి బిడ్డ సదువు ఆపుతరా ఎవలన్న?"

నాకు ఏడుపు ఆగలేదు. మూడు రోజులుగా నేను దేవుడిని, సార్‌ను, ఒక పుట్టగొడుగును నా బతుకు తేల్చమని అడిగాను. ఆ తేల్చవలసిన మనిషి మా ఇంట్లోనే, నా పక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడకుండా అన్నం తిని లేచిపోతున్నాడు. ఆయనను నేను అంతకాలం చూశాను, ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. నాయిన నలుగురిలో ఆడపిల్ల ఏడుపు చూడలేక, టీ బండివాడితో ఇంకో టీ ఇమ్మన్నాడు. గ్లాసు నా చేతికిచ్చి, "అది గాదంటివి, మరేందది?" అన్నాడు.

"తెల్వదు నాయినా. సార్‌కు గూడ తెల్వదంట."

"గట్లనా? తెల్సుకో మరి" అని రోడ్డు దాటి లోపలికి వెళ్లిపోయాడు.

నేను అక్కడే నిలబడి టీ తాగుతూ ఇంకా ఏడుస్తున్నాను. గేటు దగ్గరి వాచ్‌మన్ కాసేపు చూసి, దగ్గరికొచ్చి, ఏమైందమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా, దవాఖానాకు పోవాలా అని అడిగాడు. అదేం లేదు, ఒక పుట్టగొడుగు పేరు తెలియలేదు అని చెప్పాను.